పాత వ్యాన్‌తో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కకుండా చూసుకోవడం ఎలా

వరంగల్ నుంచి హైదరాబాద్‌కు ఎన్నిసార్లు వెళ్ళి వచ్చినా వేడి సూది సగం దాటని పాత వ్యాన్, నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడో, ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు పోయే దారిలో కెరమెరి ఘాట్ మలుపులు మొదలయ్యాకో ఉన్నట్టుండి ఎర్ర గీత దగ్గరికి చేరుతుంది. ఇన్నాళ్లూ బాగా నడిచిన బండి ఘాట్ వల్లే పాడైందని యజమాని అనుకుంటాడు. నిజానికి చాలా సందర్భాల్లో లోపం ఘాట్‌లో పుట్టదు. ఏళ్ల తరబడి రేడియేటర్‌లో పేరుకున్న మట్టి, సడలిన బెల్టు, సత్తువ పోయిన రేడియేటర్ మూత, బలహీనపడ్డ ఫ్యాన్ కలిసి ఇంజన్‌ను చల్లబరిచే శక్తిలో మిగులు లేకుండా చేస్తాయి. చదును రోడ్డు మీద ఆ సంగతి బయటపడదు. కాబట్టి ప్రయాణం పెట్టుకున్నప్పుడు వేయవలసిన ప్రశ్న "బండి ఇప్పుడు బాగుందా" అని కాదు, "ఎక్కుడుకు సరిపడా మిగులు ఉందా" అని.

చదును రోడ్డు ఎందుకు నమ్మదగిన పరీక్ష కాదు

ఒక చిన్న లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. ఒమ్ని లాంటి చిన్న వ్యాన్, అందులో ఐదుగురు, వాళ్ల సామాను అన్నీ కలిపి 1,200 కిలోలు అనుకుందాం. ప్రతి 20 మీటర్లకు 1 మీటరు పైకి లేచే ఎక్కుడు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతే, ఇంజన్ ఆ బరువునంతా సెకనుకు అర మీటరుకు పైగా పైకి ఎత్తుతున్నట్టు లెక్క. అందుకే సుమారు 6.5 కిలోవాట్లు, అంటే 9 హార్స్‌పవర్‌కు కొంచెం తక్కువ శక్తి కావాలి. టైర్ల రాపిడికి, గాలి నిరోధానికి మరో 3, 4 హార్స్‌పవర్ పోతుంది. అన్నీ కలిపితే 12, 13 హార్స్‌పవర్ అవుతుంది. అదే బండి చదునైన హైవే మీద 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తినా దాదాపు ఇంతే శక్తి ఖర్చవుతుంది, ఇంజన్ నుంచి దాన్ని చల్లబరిచే ద్రవంలోకి, అంటే కూలెంట్‌లోకి, దిగే వేడి కూడా ఇంచుమించు ఇంతే ఉంటుంది.

రెండింటికీ తేడా గాలిలో ఉంది. 80 వేగంలో రేడియేటర్‌కు ఎదురుగాలి దానంతట అదే దండిగా తగులుతుంది, ఫ్యాన్ తిరగకపోయినా పని జరిగిపోతుంది. ఘాట్ మీద 40లోనో, లారీ వెనక చిక్కుకుని 20లోనో పోతున్నప్పుడు ఆ గాలి ఉండదు కనుక భారమంతా ఫ్యాన్ మీద, రేడియేటర్ శుభ్రత మీద పడుతుంది. వెనక నుంచి గాలి వీస్తుంటే పరిస్థితి ఇంకా కష్టమవుతుంది. మేడారం జాతర రోజుల్లో తాడ్వాయి దారిలో బండ్లు గంటల తరబడి మెల్లగా కదులుతూ వేడెక్కడానికీ కారణం ఇదే. అక్కడ ఎక్కుడు పెద్దగా లేకపోయినా గాలి తగలకపోవడం మాత్రం ఉంటుంది.

ఎండ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. రేడియేటర్ వేడిని వదిలే శక్తి, లోపలి కూలెంట్‌కూ బయటి గాలికీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయేటప్పుడు బయట 28 డిగ్రీలున్నా తేడా 67 ఉంటుంది. మే నెలలో ఆదిలాబాద్, రామగుండం వైపు 45 డిగ్రీలు తాకిన మధ్యాహ్నం ఆ తేడా 50కి పడిపోతుంది. అంటే అదే రేడియేటర్ నాలుగో వంతు బలాన్ని కోల్పోయినట్టు. చలికాలంలో ఘాట్ ఎక్కిన బండి ఎండాకాలంలో కూడా ఎక్కుతుందన్న ధీమా అందుకే పనికిరాదు.

ఇంటి దగ్గరే చేయవలసిన పరీక్షలు

ఈ పరీక్షలను ప్రయాణానికి కనీసం వారం ముందు మొదలుపెట్టాలి. బయలుదేరే ముందు రోజు లోపం దొరికితే సామాను తెప్పించుకునే వ్యవధి ఉండదు, హడావిడిలో చేసిన మరమ్మతు దారిలో బయటపడుతుంది.

మొదట రేడియేటర్‌ను బయట నుంచి చూడాలి. ముందు జాలీ గుండా టార్చి వేసి చూస్తే శుభ్రంగానే కనిపించవచ్చు, దాన్ని నమ్మకూడదు. ఏసీ ఉన్న బండ్లలో ముందు ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్ ఉంటాయి, చెత్తంతా ఆ రెండింటి మధ్య సందులో పేరుకుంటుంది. మన ప్రాంతానికి ఇందులో ఒక ప్రత్యేకత ఉంది. పత్తి ఏరే రోజుల్లో వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పోయే లోడు బండ్ల వెనక కొన్నాళ్లు తిరిగిన వ్యాన్ రేడియేటర్‌ను విప్పి చూస్తే, రెక్కల మీద దూది పలచగా, సమంగా పరుచుకుని, దాని మీద ఎర్ర దుమ్ము అంటుకుని, బూడిద రంగు బట్ట కప్పినట్టు ఉంటుంది. గోటితో గీకితే పొర పొరగా ఊడి వస్తుంది. వరి కోతల కాలంలో పొట్టు, వానాకాలంలో రాత్రి ప్రయాణాల్లో పురుగులు ఇదే పని చేస్తాయి. కడిగేటప్పుడు నీళ్లను ఇంజన్ వైపు నుంచి బయటికి, అంటే గాలి వచ్చే దిశకు ఎదురుగా, మామూలు పైపు ఒత్తిడితో కొట్టాలి. వాటర్ సర్వీసింగ్ వాళ్ల గన్‌ను దగ్గర పెట్టి కొట్టిస్తే పలచటి రెక్కలు వంగి మూసుకుపోతాయి, చెత్త పోయినా గాలి పోయే దారి మిగలదు.

తరువాత ఫ్యాన్‌ను చూడాలి. కరెంటు ఫ్యాన్ ఉన్న బండిలో ఇంజన్ వేడెక్కి ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టాక, ముందు జాలీ దగ్గర పాత వార్తాపత్రిక ముక్క పెట్టి వదలాలి. ఫ్యాన్ సరిగా పీలుస్తుంటే కాగితం జాలీకి అంటుకుని నిలుస్తుంది. జారి పడిపోతే పీల్పు బలహీనంగా ఉందని, ఎగిరి మీదికి వస్తే ఫ్యాన్ తిరగేసి తిరుగుతున్నదని అర్థం. మోటారు మార్చినప్పుడు వైర్లు అటుదిటు కలిపితే ఇలా జరుగుతుంది. అప్పుడు బండి కదిలినప్పుడు వచ్చే ఎదురుగాలిని కూడా ఆ ఫ్యానే అడ్డుకుంటుంది. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవచాన్ని రిపేరు సమయంలో తీసి మళ్లీ బిగించకుండా వదిలేయడం చాలా షెడ్లలో అలవాటు. అది లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న భాగం గుండా మాత్రమే గాలి పీలుస్తుంది, రేడియేటర్ మూలలు ఊరికే ఉండిపోతాయి. బెల్టుతో తిరిగే ఫ్యాన్ అయితే బెల్టు బిగువు చూడాలి. రెండు పుల్లీల మధ్య పొడవాటి భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే ఒక సెంటీమీటరు దాకా లోపలికి పోవడం చాలా బండ్లలో సరైన బిగువు, మీ బండి పుస్తకంలో కొలత ఉంటే దాన్నే పాటించాలి. బెల్టు లోపలి అంచులు అద్దంలా మెరుస్తుంటే, పగుళ్లుంటే బిగించి లాభం లేదు, మార్చాలి. పాతది ఇంకా తెగలేదు కనుక దాన్ని పారేయక సీటు కింద పెట్టుకోవచ్చు.

రేడియేటర్ లోపలి పరిస్థితి తెలుసుకోవడం కొంచెం కష్టమే అయినా అసాధ్యం కాదు. ఇంజన్‌ను బాగా వేడెక్కనిచ్చి, ఆపి, తాళం చెవి తీసి, కరెంటు ఫ్యాన్ దానంతట అదే తిరగవచ్చు కనుక దాని వైరు ఊడదీసి, అరచేతి వెనక భాగాన్ని రేడియేటర్ ముఖానికి దగ్గరగా పెట్టి పైనుంచి కిందికి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కదపాలి. మొత్తం మీద వేడి క్రమంగా మారుతూ పోతే మంచిదే. మధ్యలో చల్లటి చారలు తగిలితే అక్కడి గొట్టాలు పూడుకుపోయినట్టు. ఇత్తడి, రాగి రేడియేటర్లను రేడియేటర్ రిపేరు చేసేవాళ్లు పై ట్యాంకు విప్పి, సన్నటి చువ్వతో గొట్టాలు పొడిచి శుభ్రం చేసి మళ్లీ టంకం వేయగలరు. ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రకానికి ఆ అవకాశం దాదాపు లేదు కాబట్టి కొత్తది కొనడమే మేలు.

రేడియేటర్ మూత చిన్న వస్తువు, కానీ దాని పని పెద్దది. మూత మీద 0.9 అనో 1.1 అనో ఉండే అంకె అది నిలిపి ఉంచే ఒత్తిడిని సూచిస్తుంది. 0.9 ఒత్తిడి నిలిస్తే ఉత్త నీళ్లు కూడా 100 డిగ్రీలకు బదులు 118 డిగ్రీల దాకా మరగవు. మూత లోపలి రబ్బరు గట్టిపడి, ఆవిరి కొంచెం కొంచెం తప్పించుకుంటుంటే ఆ 18 డిగ్రీల వెసులుబాటు పోతుంది, బండి వంద డిగ్రీలకే పొంగుతుంది. ఘాట్ మీద అవసరమయ్యేది సరిగ్గా ఆ వెసులుబాటే. చల్లారాక పై హోస్ పైపు చప్పిడిగా నొక్కుకుపోయి కనిపించినా, రిజర్వ్ డబ్బా నిండి రేడియేటర్ మాత్రం తగ్గి ఉన్నా మూతనే అనుమానించాలి. అంకె పెద్దదైతే ఇంకా మంచిదని 1.1 రాసి ఉన్న మూతను 0.9 బండికి పెట్టకూడదు. పాత హోసులు, పాత టంకాలు ఆ ఒత్తిడికి ఊడిపోతాయి.

థర్మోస్టాట్ దగ్గర మాత్రం కొంచెం ఆగి చెప్పవలసిన విషయం ఉంది. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్ వైపు పోనివ్వకుండా ఆపే చిన్న తలుపు ఇది, షెడ్లలో దీన్నే వాల్ అంటారు. బండి హీటెక్కుతున్నదని షెడ్డుకు తీసుకుపోతే "వాల్ తీసేద్దాం అన్నా, ఇగ హీటే ఎక్కదు" అనే మాట వినని పాత వ్యాన్ యజమాని మన దగ్గర ఉండడు. తీసేస్తే చదును రోడ్డు మీద సూది కిందికి దిగుతుంది కనుక సలహా ఫలించినట్టే అనిపిస్తుంది. కానీ ఇంజన్ తగిన వేడికి చేరకుండా నడిచి, పెట్రోలు ఎక్కువ తాగి, ఆయిల్ త్వరగా చెడి, లోపలి భాగాలు తొందరగా అరుగుతాయి. అంతకంటే ముఖ్యంగా, కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని కింది పళ్లెం పక్కదారిని మూసి, కూలెంట్ మొత్తాన్ని రేడియేటర్ వైపు పంపుతుంది. ఆ పళ్లెమే లేకపోతే కూలెంట్‌లో ఒక భాగం రేడియేటర్ ముఖం చూడకుండా పక్కదారిలోనే ఇంజన్ చుట్టూ తిరుగుతూ, సరిగ్గా ఘాట్ మీదనే బండిని వేడెక్కిస్తుంది. థర్మోస్టాట్ పాడైతే మార్చాలి గాని తీసేసి వదలకూడదు. అది పాడైందో లేదో తెలుసుకోవడానికి షెడ్డు అక్కరలేదు. వంటకు వాడని గిన్నెలో నీళ్లు పోసి, దారంతో దాన్ని అడుగుకు తగలకుండా వేలాడదీసి, పక్కన ఒక థర్మామీటరు పెట్టి పొయ్యి మీద కాచాలి. దాని మీద ముద్రించిన అంకె దగ్గర, సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య, తెరుచుకోవడం మొదలై, నీళ్లు మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. చల్లారితే మళ్లీ బిగుతుగా మూసుకోవాలి.

హోస్ పైపులను చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడాలి. మెత్తబడి ఉబ్బినవీ, గట్టిపడి పెళుసైనవీ రెండూ మార్చవలసినవే. కింది హోస్‌లో తీగ చుట్ట ఉండే బండ్లలో అది తుప్పుపట్టి విరిగితే, రేస్ పెంచినప్పుడు పంపు పీల్పుకు పైపు చప్పిడై దారి మూసుకుంటుంది, బండి నిలబడి ఉన్నప్పుడు మాత్రం ఏమీ కనిపించదు. వాటర్ పంపు కింద సన్నటి రంధ్రం నుంచి కారిన మరక ఉంటే దాని సీల్ పోయినట్టు. ఇంజన్ సీటు కిందే ఉండే ఒమ్ని, టాటా ఏస్ లాంటి బండ్లలో సీటు ఎత్తి చూసే ఓపిక చాలామందికి ఉండదు, అందుకే అక్కడి లీకులు ఎక్కువ కాలం బతుకుతాయి.

నీళ్లు, కూలెంట్

మన ఊళ్లలో రేడియేటర్‌కు జరిగే అన్యాయంలో పెద్ద భాగం బోరు నీళ్లదే. ఆ నీళ్లు కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లటి పొరే ఇంజన్ లోపలి గోడల మీద, రేడియేటర్ గొట్టాల్లో కడుతుంది. ఆ పొర గుండా వేడి చాలా మెల్లగా దాటుతుంది కనుక, సూది చూపించే వేడి కంటే సిలిండర్ గోడ దగ్గర వేడి ఎక్కువగా ఉండిపోతుంది. ఎప్పుడు నింపినా బ్యాటరీ షాపుల్లో డబ్బాల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌నే వాడాలి. అది అందుబాటులో లేనప్పుడు ఆర్వో నీళ్లు బోరు నీళ్ల కంటే నయం. దారిలో ఆపద వచ్చినప్పుడు మాత్రం ఏ నీళ్లయినా పోయవచ్చు, ఇంటికి వచ్చాక మొత్తం దించి కొత్తగా నింపితే సరిపోతుంది.

నీళ్లు గడ్డకట్టే చలి మనకు లేదు కాబట్టి నీళ్లలో కలిపే కూలెంట్ అనవసరమన్న వాదన సరికాదు. మనకు అది కావలసింది తుప్పు పట్టకుండా ఉండటానికి, మరుగు స్థాయి పెరగటానికి. అయితే గాఢత ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం కూడా పొరపాటే. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ నీళ్ల కంటే తక్కువ వేడిని మోస్తుంది. బండి పుస్తకం వేరే చెప్పకపోతే మూడో వంతు కూలెంట్, మిగతాది డిస్టిల్డ్ వాటర్ మన వాతావరణానికి సరిపోతాయి, సగం సగానికి మించి ఎప్పుడూ పోకూడదు. కలిపే అవసరం లేదని రాసి ఉన్న డబ్బాలో మళ్లీ నీళ్లు పోయకూడదు. రంగు ఒకటే అయినంత మాత్రాన రెండు కంపెనీల కూలెంట్ ఒకే రకం కాదు, లోపల ఏముందో తెలియని పాత బండిలో అంతా దించి, శుభ్రమైన నీళ్లతో ఇంజన్ నడిపి, తేట నీళ్లు వచ్చేదాకా కడిగి కొత్తది పోయడమే తిన్నని మార్గం. దించిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, మేకలు, పిల్లలు ఉండే వాకిట్లో దాన్ని గిన్నెలో వదిలేయకూడదు.

నింపేటప్పుడు గాలి లోపల చిక్కుకోకుండా చూడటం వ్యాన్లలో మరీ ముఖ్యం. రేడియేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య పైపులు పొడుగ్గా ఉన్న కొద్దీ గాలి బుడగ దాక్కునే చోట్లు పెరుగుతాయి. బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా నిలిపి, హీటరు ఉంటే దాని మీటను పూర్తి వేడి వైపు తిప్పి, మూత తీసి మెల్లగా నింపి, ఇంజన్‌ను నిదానంగా నడుపుతూ పై హోస్‌ను మధ్య మధ్య పిసకాలి. బుడగలు ఆగి, మట్టం పడిపోవడం ఆగాక మూత పెట్టాలి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూస్తే కొంత తగ్గే ఉంటుంది, అప్పుడు సరిచేయాలి.

లీకు ఆగడానికి రేడియేటర్‌లో పసుపు వేసే పాత డ్రైవర్ల కిటుకు అడవిలో ఇరుక్కున్నప్పుడు షెడ్డు దాకా చేర్చగలదు. కాని లీకును మూసిన ముద్దే సన్నటి గొట్టాలనూ మూస్తుంది కనుక, పసుపుతో వచ్చిన బండిని కడిగించకుండా మళ్లీ దూరం తీసుకుపోకూడదు.

వేడిని పెంచే ఇతర కారణాలు

చల్లబరిచే భాగాలన్నీ బాగున్నా ఇంజన్ అవసరానికి మించి వేడి పుట్టిస్తుంటే ఫలితం ఒకటే. పట్టేసిన బ్రేకులు, పూర్తిగా విడవని హ్యాండ్ బ్రేకు, గాలి తక్కువైన టైర్లు ఎక్కుడు భారాన్ని పెంచుతాయి. కొంత దూరం బ్రేకు వేయకుండా నడిపి ఆపాక నాలుగు చక్రాల రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే ఏది పట్టేసిందో తెలుస్తుంది. పెట్రోలు ఇంజన్‌లో టైమింగ్, అంటే ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం, వెనకబడినా, పెట్రోలు పాలు తగ్గి గాలి పాలు పెరిగినా వేడి పెరుగుతుంది. ఆయిల్ మట్టం తగ్గి ఉండటం మరో కారణం. ఆయిల్ కూడా ఇంజన్ వేడిని మోసేదే అన్న సంగతి తరచూ మరిచిపోతారు.

గ్యాస్ కిట్ వేయించిన వ్యాన్ల విషయం వేరుగా చెప్పాలి. ద్రవ గ్యాస్‌ను వాయువుగా మార్చే రెడ్యూసర్‌కు కావలసిన వేడి ఇంజన్ కూలెంట్ నుంచే వస్తుంది, అందుకోసం హోసు పైపులకు కొత్త కొమ్మలు వేసి బిగిస్తారు. ఆ అతుకుల దగ్గర లీకులు, గాలి బుడగలు మామూలు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రెడ్యూసర్ మీద మంచు పేరుకుంటే అక్కడికి కూలెంట్ చేరడం లేదని తెలుసుకోవాలి. అది చాలాసార్లు సూది కంటే ముందే హెచ్చరిస్తుంది. ఘాట్ మొదలయ్యే ముందు గ్యాస్ నుంచి పెట్రోలుకు మారడం నా దృష్టిలో ఖర్చుకు తగిన జాగ్రత్తే.

ఎక్కేటప్పుడు నడిపే తీరు

శ్రీశైలం పోయేవారు మన్ననూరు అటవీ గేటు పొద్దున 6 గంటలకు తెరిచే వేళకు అక్కడ ఉండేలా ముందు రోజే దగ్గరి ఊళ్లో బస చేయడం మంచిది. ఆ దారిలో రాత్రి 9 నుంచి 6 దాకా బండ్లను వదలరు, తెల్లవారాక ఇంటి దగ్గర బయలుదేరి, ఆలస్యంగా ఈగలపెంట దిగి, ఎండ ముదిరాక డ్యాం దగ్గర నుంచి పైకి ఎక్కేవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. మహబూబ్ ఘాట్, కెరమెరి ఘాట్‌లకు అలాంటి నిబంధన అడ్డురాదు కనుక ఎండాకాలంలో 9 గంటల లోపే ఎక్కేసేలా చూసుకోవాలి. క్యారియర్ మీద కట్టిన సామాను బరువుతో పాటు గాలి నిరోధాన్నీ పెంచుతుంది, వీలైనంత లోపలే సర్దాలి.

గేరు విషయంలో డ్రైవర్లు చేసే తప్పు, పై గేరులో రేస్ పూర్తిగా తొక్కి బండిని గుంజించడం. అలా చేస్తే ఇంజన్ చుట్లు తగ్గుతాయి, బెల్టుతో తిరిగే వాటర్ పంపు, ఫ్యాన్ కూడా నెమ్మదిస్తాయి, భారం మాత్రం గరిష్ఠంగా ఉంటుంది. పెడల్ ముప్పావు వంతు తొక్కినా వేగం పెరగడం లేదంటే ఆలస్యం చేయకుండా కింది గేరుకు దిగాలి. రెండో గేరులో 25, 30 వేగంతో, పెడల్ సగంలో ఉంచి ఎక్కే బండి, మూడో గేరులో మూలుగుతూ ఎక్కే బండి కంటే చల్లగా ఉంటుంది. హాఫ్ క్లచ్ మీద లారీ వెనక పాకడం క్లచ్‌నూ ఇంజన్‌నూ రెండింటినీ కాల్చే పని. లారీకి దూరంగా ఉండి, ఆగకుండా ఒకే నడకలో కదిలేంత ఖాళీ ముందు వదలాలి, దాని పొగ వేడి కూడా మన రేడియేటర్‌లోకి రాదు.

ఏసీ ఉంటే ఎక్కుడు మొదలయ్యే ముందే ఆపాలి. సూది రోజూ ఎక్కడ నిలుస్తుందో ముందే గుర్తుపెట్టుకుని, దాన్ని దాటి పెరగడం మొదలైన క్షణం నుంచి పట్టించుకోవాలి. ముప్పావు భాగానికి చేరితే వేగం తగ్గించి, హీటరు ఉన్న బండిలో దాన్ని పూర్తి వేడి మీద, పూర్తి గాలితో తిప్పాలి. అది ఒక చిన్న రేడియేటర్‌లా పనిచేసి ఇంజన్ వేడిని లోపలికి లాగేస్తుంది. మే నెలలో లోపల కూర్చున్నవాళ్లు తిట్టుకుంటారు, కిటికీలు దించుకోమని చెప్పాలి. ఒకటి రెండు నిమిషాల్లో సూది దిగకపోతే మలుపులో కాకుండా, వెనక వచ్చేవారికి దూరం నుంచి కనిపించే వెడల్పైన చోట ఆపాలి.

ఇక్కడ ఒక ప్రమాదకరమైన మోసం ఉంది. పైకి పోతున్న సూది ఉన్నట్టుండి కిందికి పడిపోతే సంతోషించకూడదు. కూలెంట్ మొత్తం కారిపోయి, సెన్సర్ చుట్టూ నీళ్లకు బదులు ఆవిరి మాత్రమే మిగిలినప్పుడు సూది అలాగే పడుతుంది. ఇంజన్ ఆ సమయంలో అత్యంత వేడిగా ఉంటుంది, అప్పుడు వెంటనే ఆపేయాలి.

ఇంజన్ పొంగితే

ఆవిరి గాని, కారుడు గాని లేకుండా సూది మాత్రమే పైన ఉంటే, బండిని నిలిపి, చక్రాల వెనక రాళ్లు పెట్టి, ఇంజన్‌ను ఆపకుండా మామూలు కంటే కొంచెం ఎక్కువ రేస్‌లో నడవనివ్వాలి. పంపు, ఫ్యాన్ తిరుగుతుంటే వేడి క్రమంగా దిగుతుంది. ఆవిరి చిమ్ముతున్నా, నేల మీద కూలెంట్ కారుతున్నా ఇంజన్ వెంటనే ఆపాలి. బండి బానెట్‌గాని, ఇంజన్ మీది సీటుగాని ఎత్తి గాలి తగలనివ్వాలి.

రేడియేటర్ మూతను వేడి మీద తీయకూడదన్నది అందరికీ తెలిసిందే, అయినా ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరి ముఖం, చేతులు కాలుతూనే ఉంటాయి. మూత తీయగానే ఒత్తిడి పోయి, వంద డిగ్రీలు దాటిన నీళ్లన్నీ ఒక్కసారి ఆవిరై పైకి ఎగజిమ్ముతాయి. కనీసం అరగంట, నలభై ఐదు నిమిషాలు ఆగి, పై హోస్‌ను పిసికితే మెత్తగా లొంగుతున్నప్పుడు మాత్రమే, మందపాటి తడి గుడ్డ కప్పి, ముఖం పక్కకు తిప్పుకుని, మూతను మొదటి మెట్టు దాకా తిప్పి ఒత్తిడి పోనిచ్చి ఆ తరువాత తీయాలి. ఇంజన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించకూడదు, వేడెక్కిన హెడ్, అంటే సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం, పగులుతుంది. లోపల పోసే నీళ్లను కూడా ఇంజన్ నడుపుతూ, సన్నటి ధారగా పోయాలి. ఈ ప్రయాణాలకు 10 లీటర్ల నీళ్లు, రెండు హోస్ క్లిప్పులు, స్క్రూడ్రైవరు, ఒక బెల్టు, తోలు చేతి తొడుగులు బండిలో ఉండాలి. తాగే నీళ్లను ఈ లెక్కలో కలపకూడదు.

పైకి చేరాక వెంటనే తాళం తిప్పేస్తే పంపు ఆగిపోయి, హెడ్‌లో మిగిలిన వేడి అక్కడే ఉన్న కొద్దిపాటి కూలెంట్‌ను మరిగిస్తుంది. రెండు మూడు నిమిషాలు నిదానంగా నడిపి ఆపాలి, టర్బో ఉన్న డీజిల్ వ్యాన్లకు ఇది మరీ అవసరం. దిగేటప్పుడు న్యూట్రల్ వేయడం ఇంజన్‌కు విశ్రాంతి కాదు, బ్రేకులకు ప్రాణాంతకం. ఎక్కిన గేరులోనే దిగాలి.

ఒకసారి పొంగిన బండిని మరునాడు చూడవలసిన తీరు

చల్లటి ఇంజన్‌లో ముందు కూలెంట్ మట్టం, తరువాత ఆయిల్ డిప్‌స్టిక్ చూడాలి. ఆయిల్ పాలు కలిసిన చాయ రంగులో ఉంటే స్టార్టు చేయకుండానే షెడ్డుకు కట్టుకుపోవాలి. ఆయిల్ బాగుంటే మూత తీసి స్టార్టు చేసి, రేడియేటర్ నోట్లో ఆగకుండా బుడగలు వస్తున్నాయా, మూత పెట్టి నడిపితే ఒకటి రెండు నిమిషాల్లోనే, నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే, పై హోస్ రాయిలా బిగుసుకుంటున్నదా చూడాలి. ఈ రెండూ హెడ్ కింద ఉండే పలచటి అడ్డు పొరను, అంటే హెడ్ గ్యాస్కెట్‌ను, దాటి సిలిండర్ వాయువులు కూలెంట్‌లోకి వస్తున్న గుర్తులు. హెడ్ విప్పితే దాని అడుగును మిషన్ మీద చదును (ఫేస్) చేయించక ముందు ఉక్కు బద్ద పెట్టి వంపు కొలిపించాలి. చాలా చిన్న ఇంజన్లలో 0.05 మిల్లీమీటరు దాటిన వంపును సరిచేయకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే అది నిలవదు.

గ్యాస్కెట్ మార్చిన బిల్లు కట్టేశాక చాలామంది అక్కడితో ఊరుకుంటారు. మొదట పొంగడానికి కారణమైన మూత, ఫ్యాన్, పూడుకున్న రేడియేటర్ అలాగే ఉంటాయి. అందుకని మరమ్మతు అయ్యాక, మళ్లీ ఘాట్ దారి పట్టే ముందు ఒక మధ్యాహ్నం ఎండలో బండిని నిలబెట్టి, ఏసీ ఉంటే వేసి, నిమిషానికి 2,000 చుట్ల దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి చూడాలి. ఎదురుగాలి లేని ఆ స్థితిలో ఘాట్ మీది ఎక్కుడు భారం ఉండదు గాని, ఫ్యాన్ సత్తా, రేడియేటర్ సత్తా మాత్రం బయటపడతాయి. కరెంటు ఫ్యాన్ కొంతసేపు తిరిగి, ఆగి, మళ్లీ తిరుగుతుంటే మిగులు ఉన్నట్టే. ఒకసారి మొదలైన ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూ, సూది మెల్లగా పైకి జరుగుతూ ఉంటే ఆ రేడియేటర్‌ను విప్పించవలసిందే.